దోర్సాఫ్ పెదాల రంగు

పట్టు దారానికి ముడి వేసేటప్పుడు దోర్సాఫ్ దారం కొసను పళ్లతో పట్టుకునేది. ఎడమ చేతికి బొటనవేలు పుట్టుకతోనే లేదు. కుడి చేతిది ఉన్నా చిక్కుడు గింజంత. మేమంతా రెండు చేతులతో చేసే పనిని ఆమె చేతులూ నోరూ కలిపి చేసేది, మా అందరికన్నా వేగంగా చేసేది. సముద్రం ఒడ్డున ఉన్న మా మహ్దియాలో పట్టు శాలువాలు నేసేది మగవాళ్లు, వాటి అంచులకు కుచ్చులు ముడివేసేది ఇళ్లలో ఆడవాళ్లు. ఆ తర్వాత ఉతికి, నీడన ఆరేసి, మడత పెట్టి ఇచ్చేది నేను. తీజానీ మేస్త్రి మగ్గం దిగిన ప్రతి శాలువా ముందు దోర్సాఫ్ నోటి మీదుగా, తర్వాత నా చేతుల మీదుగా వెళ్లి పెళ్లికూతుళ్ల భుజాల మీద పడేది.

మా ఇంటికీ వాళ్లింటికీ ఒకే గోడ. ఆమె పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించింది నేనే, పోయినప్పుడు ఆఖరి స్నానం చేయించిందీ నేనే. మధ్యలో ముప్పై నాలుగేళ్లు. అందులో ఇరవై మూడేళ్లు తమ్ముడి మూలుగతో బతికింది. ఆ సంగతే రాస్తున్నాను, నేను చేసిన తప్పుతో సహా.

పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొదలైంది. తలుపు గడియ తగిలినా మోచేతి మీద నీలం మచ్చ. బడిలో పలక మీదికి ముక్కులోంచి నెత్తురు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉండేది. వాళ్లమ్మ సలూహా దిష్టి అనుకుని ఉప్పూ, ధూపమూ అన్నీ వేసింది. చివరికి రాజధానిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఎముకల్లో మూలుగ ఎండిపోతోంది, అందుకే ఒంట్లో రక్తం తయారవటం లేదన్నారు. పొట్టిగా ఉండటం, బొటనవేలు లేకపోవటం, వీపు మీద కాఫీ రంగు మచ్చలు, ఇవన్నీ ఆ ఒక్క జబ్బువేనట. తల్లీ తండ్రీ అన్నదమ్ముల పిల్లలు కావటం వల్ల వచ్చిందన్నారు. మా వీధిలో సగం పెళ్లిళ్లు అలాంటివే, నాదీ అంతే. జబ్బు పేరు ఫాంకోనీ. ఆ పేరు వినగానే నేను "అదేదో కొత్తరకం మకరోనీయా?" అన్నాను. సలూహా అప్పటికి పదిహేను రోజులుగా ఏడుస్తున్న మనిషి, ఆ మాటకు నవ్వి, నవ్వినందుకు మళ్లీ ఏడ్చింది.

మూలుగ మార్చాలన్నారు. అది తమ్ముడు నౌఫెల్‌కి సరిపోయింది. వాడికి ఆరేళ్లు. వెళ్లే ముందు రోజు మా గుమ్మంలో కూచుని అడిగాడు.

"పిన్నీ, నా ఎముకలు తీసేస్తారా?"

"ఎముకలెందుకు తీస్తార్రా పిచ్చోడా! లోపలి మూలుగ తీస్తారు అంతే. కూరలో గొర్రె ఎముక వేస్తే నువ్వు చప్పరిస్తావు చూడు, అందులోదే."

వాడి మొహం మాడిపోయింది. ధైర్యం చెబుదామని అన్నాను. వాడు ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎముక చప్పరించలేదు.

ఏడు నెలలకు దోర్సాఫ్ తిరిగి వచ్చింది. నెత్తిన వెంట్రుక లేదు. మందులకు మొహం రొట్టెలా ఉబ్బింది. నేను డాబా ఎక్కి, నాలుక ఆడించి, మూడు వీధులకు వినబడేలా సంబరపు కేక వేశాను. సలూహా కింద నుంచి తిట్టింది.

"దిగవే బేయా! డాక్టర్లు జనాన్ని దగ్గరికి రానీయొద్దన్నారు. నీ కేకకి ఊరంతా వచ్చి దానికి జలుబు అంటిస్తారు!"

మొదటి రెండేళ్లు తమ్ముడి రక్తం అక్క ఒంటిని పరాయి ఇల్లనుకుని పోట్లాడింది. చర్మం బిరుసెక్కింది. కళ్లలో నీళ్లూ నోట్లో ఉమ్మీ ఎండిపోయాయి. "ఇంట్లోనూ వాడు నాతో అంతేగా పిన్నీ, బయట చాలదని లోపల కూడా దూరాడు" అనేది. నెమ్మదిగా పోట్లాట సద్దుమణిగింది గాని నోరు మాత్రం ఎండిపోయే ఉండేది. నీళ్ల సీసా లేకుండా గుమ్మం దాటేది కాదు. ఎండలో నిలబడకూడదన్నారు. వేసవిలో మేమంతా డాబా మీద ఏడాదికి సరిపడా గోధుమరవ్వ కుస్కుస్ చేసి ఆరబోస్తుంటే, ఆమె మెట్ల నీడలో కూచుని జల్లెడ పట్టేది. పిల్లలు పుట్టరన్నారు. ఆ మాట వీధికంతా తెలుసు. ఎలా తెలుసంటే నా వల్లే. సలూహా నాకొక్కదానికే చెప్పింది, నేను స్నానాలకు వెళ్లే హమ్మాంలో ఒక్కావిడకే చెప్పాను. ఆమె కోసం ఒక్క సంబంధం కూడా రాలేదు. దోర్సాఫ్ ఆ మాట నన్నెప్పుడూ అడగలేదు.

అయినా ఊరి దృష్టిలో ఆమె నయమైన మనిషి. నౌఫెల్ అక్కను బతికించినవాడు. చేపల రేవులో పడవ ఎక్కే వయసొచ్చాక కూడా ముసలివాళ్లు వాడి భుజం తట్టి, "అక్కకు ప్రాణం పోసిన బిడ్డవు" అనేవాళ్లు. వాడు తల దించుకుని సిగ్గుపడేవాడు గాని, ఆ మాట మీదే నిలబడి పెరిగాడు.

ఏడాదికోసారి దోర్సాఫ్ తెల్లవారే రాజధాని బండి ఎక్కేది. రక్తం ఎప్పుడూ బాగానే ఉండేది. కాని అక్కడి డాక్టరమ్మ ఒక పని అప్పజెప్పింది: వారానికోసారి అద్దం ముందు నోరు తెరిచి, నాలుక పక్కలూ అడుగూ చూసుకోవాలి. తెల్లమచ్చ కనబడినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా వెంటనే రావాలి. రక్తం బాగుంటే నోరెందుకు చూడటం అని నాకు ఒకటే సందేహం. దోర్సాఫే చెప్పింది.

"మన వాకిట్లో వాన నీళ్ల తొట్టి ఉందిగా పిన్నీ. నాకు నీళ్లు మార్చారు, తొట్టి మార్చలేదు. నోరూ గొంతూ పాతవే, ఆ జబ్బుతో పుట్టినవే."

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కిటికీ దగ్గర చిన్న అద్దం పట్టుకుని నాలుక బయట పెట్టేది. నేను గోడ మీద నుంచి, "ఎవర్నే వెక్కిరిస్తున్నావు?" అని అరిచేదాన్ని. "నిన్నే!" అనేది.

ఇక అక్రోటు బెరడు. దాన్ని నమిలి పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుంటాం. చురుక్కున మండుతుంది, తర్వాత పెదాలూ చిగుళ్లూ నాలుకా అన్నీ నారింజ ఎరుపు తేలతాయి. మా అమ్మ రుద్దుకుంది, ఆమె అమ్మ రుద్దుకుంది. పెళ్లికి బెరడు లేకుండా వెళ్లే ఆడది ఉండదు. ఆరేళ్ల కిందట, సలూహా చనిపోయిన ఏడాది, దోర్సాఫ్ మొదటిసారి ఒంటరిగా రాజధానికి బయల్దేరుతుంటే, గుమ్మంలో ఆపి నేనే బెరడు ముక్క చేతిలో పెట్టాను.

"ఆ పెదాలేంటే, కాగితంలా! తల్లి పోగానే పిల్లను గాలికి వదిలేశారనుకుంటారు అక్కడ. రుద్దుకో."

రుద్దుకుంది. మండింది. కళ్లు పెద్దవి చేసి, "పిన్నీ, నోట్లో నీళ్లూరుతున్నాయి!" అంది, ఎడారిలో బావి దొరికినట్టు. ఆ ఎండిన నోటికి అదొక సుఖం. ఇక మానలేదు. రోజూ రుద్దుకునేది, రాజధానికి వెళ్లే రోజు మరింత రుద్దుకునేది. ఎందుకంటే మేం డాక్టరు దగ్గరికి వెళ్లటమంటే పెళ్లికి వెళ్లినంత చేస్తాం. ఉతికిన బట్ట కట్టి, కాటుక పెట్టి, జబ్బు లేనట్టు వెళ్తాం.

రెండేళ్ల క్రితం తిరిగొచ్చి, "డాక్టరమ్మ కోప్పడింది పిన్నీ. ఈ రంగు వేసుకుని రావొద్దంది. లోపల ఏమీ కనబడట్లేదట" అంది.

"చదువుకున్నదానికి బెరడు సంగతేం తెలుసు? మా నానమ్మ తొంభై ఏళ్లకు కూడా బాదంపప్పు కొరికింది. ఆవిడ పళ్లు చూస్తే ఏమంటుందో నీ డాక్టరమ్మ!"

నవ్వింది. మర్నాడు కూడా ఆ పెదాలు ఎర్రగానే ఉన్నాయి.

పోయిన ఏడాది రంజాన్‌లో, ఉపవాసం విడిచాక తినే బల్ల దగ్గర, దోర్సాఫ్ హరీసా గిన్నెను పక్కకు జరపటం చూశాను. మా ఊళ్లో మిరపకాయ ముద్ద లేకుండా తినేవాళ్లు ఇద్దరే, పసిపిల్లలూ విదేశీయులూ. మర్నాడూ జరిపింది. రొట్టె ముక్కల్ని చారులో నానబెట్టి, ఒక పక్కనే నమిలేది. నేను ఊరుకుంటానా! బక్కచిక్కింది, కారం మానింది, అద్దం ముందు కూచోవటం కూడా మానింది. ఇవన్నీ కలిపి, ఎవరో మగాడు మనసులో ఉన్నాడని తేల్చాను. మూడిళ్లలో చెప్పాను కూడా. పోస్టాఫీసులో పనిచేసే విధురుడి పేరు కూడా నేనే పెట్టాను.

పండుగ అయ్యాక నౌఫెల్ పెళ్లి కుదిరింది. పిల్ల పేరు ఖౌలా, గాబెస్ నుంచి, చుట్టరికం ఏమీ లేదు. ఆ సంగతి నౌఫెలే అడిగి మరీ తెలుసుకున్నాడు. వేసవి చివర పెళ్లి. పెళ్లికూతురికి తెల్ల పట్టు శాలువా నేయమని దోర్సాఫ్ తీజానీ మేస్త్రితో చెప్పింది, కుచ్చులు తనే వేస్తానంది. ఒక అంచు పూర్తయి రెండోది మొదలుపెట్టిన రోజుల్లో మేస్త్రి చూడటానికి వచ్చి, శాలువా తీసుకుని మా ఇంట్లోకి దూసుకొచ్చాడు.

"బేయా, చూడు! చూడిది! తెల్ల పట్టు మీద మీ ఆడవాళ్ల బెరడు రంగు. పదిచోట్ల! ఇది పెళ్లికూతురి శాలువానా, చేపల దుకాణం గుడ్డా?"

"అరవకండి మేస్త్రీ, సముద్రం దాకా వినబడుతోంది. ఉతికిస్తాను."

"బెరడు మరక ఉతికితే పోతుందా? నాకు చెప్పకు."

నిజమే. బెరడు రంగు పట్టుకు పట్టిందంటే ఇక గుడ్డ చిరిగేదాకా పోదు. నిమ్మకాయకు పోదు, సబ్బుకు పోదు. అయినా ఆయన నోరు మూయించటానికి, ముందు చన్నీళ్లలో ఉప్పు వేసి కుచ్చుల కొసలు ముంచాను.

మరకలు వదిలాయి. నీళ్లలో గులాబీ రంగు పొగలా లేచి, కుచ్చులు తెల్లబడ్డాయి.

మేస్త్రి, "అరే! నీ చేతిలో ఏదో ఉంది" అన్నాడు సంతోషంగా. నలభై ఏళ్లు గుడ్డలు ఉతికినదాన్ని. చన్నీళ్లకూ ఉప్పుకూ వదిలే ఎరుపు ఒక్కటే, నెత్తురు.

తడి చేతులతోనే పక్కింట్లోకి వెళ్లాను. దోర్సాఫ్ కిటికీ దగ్గర కూచుని వేరే శాలువా ముడివేస్తోంది.

"నోరు తెరువు."

"ఏంటి పిన్నీ, పళ్ల డాక్టరువి ఎప్పుడయ్యావు?"

"తెరవమన్నానా!"

"పోస్టాఫీసాయన్ని అడిగొస్తా, తెరవొచ్చో లేదో" అంది. వీధిలో నేను అన్న మాట అప్పటికే చేరిందన్నమాట. నేను నవ్వలేదు. గడప మీద నుంచి నీళ్ల చెంబు తెచ్చి, నా ఓణీ కొస తడిపి, ఆమె గడ్డం పట్టుకున్నాను. ఇక నోరు తెరిచింది. బెరడు రంగు తుడిచాను. నాలుక ఎడమ పక్కన, అడుగు వైపుకి, పావలా అంత పుండు. అంచులు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ముట్టుకుంటే నెత్తురొచ్చింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఈమధ్యే" అంది.

మర్నాడే నౌఫెల్, నేను, ఆమె రాజధానికి వెళ్లాం. బెరడు లేకుండా ఆమె పెదాల అసలు రంగు బండిలో పక్కన కూచుని చూశాను. ఆరేళ్ల తర్వాత.

నాలుక పుండులోంచి ముక్క తీసి చూసి, క్యాన్సరన్నారు. మామూలు మనిషికైతే పెద్ద మందులు, కిరణాలు కూడా పెడతారట. ఈమెకు పెడితే ఆ మందులే ఒంటిని కాల్చేస్తాయి, అందుకే కత్తి ఒక్కటే దారి, అది కూడా ఆలస్యమైంది అన్నారు. ఆసుపత్రి వరండాలో నౌఫెల్ డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. చేపల వల తాళ్లు లాగి కాయలు కాసిన చేతులు రెండూ ముందుకు కట్టుకుని, బడిలో తప్పు చేసినవాడిలా.

"నా మూలుగ చెడ్డదా డాక్టరమ్మా?"

"లేదు నాయనా. నీ మూలుగ బంగారం. ఇరవై మూడేళ్లు ఆమెను నిలబెట్టింది అదే. ఈ రోజు కూడా ఆమె రక్తం నా రక్తం కన్నా బాగుంది."

"మరి ఇదెక్కడినుంచి వచ్చింది?"

"ఆమెతోనే పుట్టింది. రక్తం ఒక్కటే మనం మార్చగలిగాం. మూలుగ మార్చుకున్న ఈ జబ్బువాళ్లకు, వయసొచ్చేకొద్దీ నోట్లో, గొంతులో ఇది రావటం ఎక్కువ. అందుకే చూసుకోమన్నాను."

వాడు తల ఊపాడు. అర్థమైనట్టే ఊపాడు. తిరుగు బండిలో కిటికీకి తల ఆనించి, "నేనింకో రకంగా పుట్టుంటే బాగుండేదేమో పిన్నీ" అన్నాడు.

నాలుక సగం తీసేశారు. ముంజేతి మాంసం తెచ్చి అక్కడ కుట్టారు. ఆమె నోట్లో నా పేరు 'ఏయా' అయింది. కొన్నాళ్లు ఆ నాలుకతోనే నన్ను వెక్కిరించటానికి ప్రయత్నించేది. పెళ్లి వాయిదా పడింది. నాలుగు నెలలకు మెడలో గడ్డలు తేలాయి. మళ్లీ కోసినా ఉపయోగం లేదని ఇంటికి పంపారు. ఆ తర్వాత మాట పూర్తిగా పోయింది. గళ్ల నోటుబుక్కులో రాసి చూపేది. నేను మూడో తరగతి చదివినదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. ఆమె ఓపిగ్గా ఆగేది. వేయించిన పిండిని ఆలివు నూనెలో కలిపి, నీళ్లు పోసి పలచగా చేసి ఇస్తే, గ్లాసు తాగటానికి గంట పట్టేది.

ఒకరోజు పుస్తకంలో రాసింది: "శాలువా తే."

రెండో అంచు సగమే అయింది. కొస పట్టుకోవటానికి నోరు లేదు. పనికొచ్చే బొటనవేళ్లు లేవు. చుట్టూ చూసి, దారం కొస నా నోటి ముందుకు తెచ్చింది.

నాకు ముందు పళ్లు ఆరు మిగిలాయి. వాటితో పట్టుకున్నాను. అలా రోజూ మధ్యాహ్నం నమాజు తర్వాత, ఆమె మంచం మీద ఆనుకుని, నేను కింద పీట మీద మొహం ఎత్తి కూచుని, ఒక్కో కుచ్చు ముడివేశాం. పళ్ల మధ్య దారం ఉంటే మాట్లాడటానికి లేదు. నేను గంటసేపు నోరు మూసుకుని కూచోవటం నా మొగుడు కూడా ఎరగడు. ఆమెకు అది చూసి నవ్వొచ్చేది, శబ్దం లేకుండా భుజాలు కదిలేవి. నా నోటి బెరడు రంగు పట్టుకు అంటుతుందని నేనూ రుద్దుకోవటం మానేశాను.

మూడో వారం అనుకుంటాను, పళ్ల లోంచి దారం తీసేశాను. ఇక ఆగలేకపోయాను.

"బెరడు నేనే ఇచ్చాను. డాక్టరమ్మ వద్దన్నా నేనే నవ్వులాట చేశాను. నేను నోరు మూసుకునుంటే వాళ్లకు ముందే కనబడేది."

ఆమె దారం పక్కన పెట్టింది. పుస్తకం తీసుకుంది. ఆ రోజు చాలా రాసింది. నేను చదవటానికి ఇంకా చాలాసేపు పట్టింది.

"రంజాన్‌కు ముందే చూశాను పిన్నీ. శుక్రవారం అద్దంలో. చిన్నది, తెల్లగా. అదేంటో నాకు తెలుసు. తమ్ముడి సంబంధం మాటల్లో ఉంది, అప్పుడు వెళ్తే పెళ్లి ఆగిపోతుంది. నౌఫెల్ తన మూలుగ వల్లే అనుకుంటాడు. పెళ్లయ్యాక వెళ్దామనుకున్నా. అద్దం బోర్లించాను. కనబడకుండా బెరడు ఎక్కువ రుద్దాను. ఇచ్చింది నువ్వే. దాచుకుంది నేను."

కింద ఇంకో వరుస రాసింది: "వాడికి చెప్పొద్దు. ఈ ఒక్కటి ఎవరికీ చెప్పొద్దు."

దారం మళ్లీ పళ్ల మధ్య పెట్టుకున్నాను. ఆమె ముడి వేసింది.

శాలువా పూర్తయింది. ఆఖరి పది కుచ్చులు వంకరగా ఉన్నాయి, తీజానీ మేస్త్రి చూసి కూడా ఏమీ అనలేదు. పన్నెండు రోజులకు, ఫిబ్రవరిలో, సముద్రం మీద గాలి హోరెత్తుతున్న ఒక పొద్దున ఆమె పోయింది. నేను కడిగాను. తేలిగ్గా ఉంది, పదకొండేళ్లప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఉన్నంత తేలిక. నోరు పత్తితో తుడిచి మూశాను. రేవు పక్కన, తెల్ల సమాధుల మధ్య, వాళ్లమ్మ దగ్గరే పెట్టారు.

మూడో రోజు సంతాపానికి వచ్చినవాళ్లకు కుస్కుస్ వండాం. నౌఫెల్ జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి నాకిచ్చాడు. ఆమె ఆఖరి రక్త పరీక్ష. అక్షరాలు ఫ్రెంచివి, నాకు రావు. అంకెలు వస్తాయి. ప్రతి అంకె పక్కనా ఉండాల్సిన హద్దులు వేసి ఉన్నాయి. ఒక్కోటీ వేలు పెట్టి చూశాను. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి.

"బాగానే ఉంది కదా పిన్నీ?"

"బాగుంది నాన్నా."

"అదంతా నాదే. అదీ అక్కతోనే పాతిపెట్టాం." కాగితం వెనక్కి తీసుకుని, "అక్క ముందే ఏమన్నా చెప్పిందా నీకు? నొప్పి అనో, పుండు అనో? నీకు తెలియకుండా ఈ వీధిలో ఏదీ ఉండదుగా" అన్నాడు.

"నాకేం చెప్పలేదురా" అన్నాను.

వాడు ఇప్పుడు ఈ ఊళ్లో లేడు. పెళ్లయ్యాక ఖౌలాతో గాబెస్ వెళ్లి అక్కడి రేవులో పడవ ఎక్కుతున్నాడు, ఈ కాగితాలు వాడిదాకా చేరవు. అందుకే రాశాను. ఆ రోజు మాత్రం పళ్లెం ముందు పెట్టి, తిను నాన్నా అన్నాను. తిన్నాడు. మాంసం ఒలిచి, మూలుగ ఉన్న ఎముకను ఎప్పటిలాగే పళ్లెం అంచుకు నెట్టాడు. తీసుకెళ్లి వాకిట్లో పిల్లులకు వేశాను.